లోపలికి తీసిన ఊపిరి

పెద్ద వరద వచ్చి వెళ్ళిన రెండో ఏడు. ఐసు ఫ్యాక్టరీ గోడ మీద నీళ్ళు నిలిచిన గీత ఇంకా మాసిపోలేదు. ఆ ఫ్యాక్టరీ మేనేజరు మంచుగదిలో బిగుసుకుపోయి దొరికిన నాలుగో రోజున, మధ్యాహ్నం రెండింటికి, తాపీ పోలీసు స్టేషను మెట్లెక్కాడు.

తాపీ అన్నది అతని పేరు కాదు. ముప్పై ఏళ్ళు ఇటుక మీద ఇటుక పెట్టాడు. ఒకసారి ఒక గోడలో పాత సున్నం మధ్య కొత్త సున్నం ఎక్కడుందో చూపించి, దాని వెనక దాచిన సొత్తుతో సహా దొంగని పట్టించాడు. అప్పట్నించి గోడలు మానేసి మనుషుల్ని చూస్తున్నాడు. నడకా తాపీ, మాటా తాపీ. ఆ పేరు రెండు రకాలా అతుక్కుపోయింది.

ఇన్‌స్పెక్టరు అతని భార్యకి తమ్ముడు.

"రా బావా. మా అక్క పంపిందా, చచ్చిపోయినాయన భార్య పంపిందా?"

"ఆవిడే."

"ఏమంటుంది?"

"ఆయన ఎక్కిళ్ళమ్మ దగ్గర వాళ్ళ భాష నేర్చుకుంటున్నాడట. పాఠం చెప్పే మనిషి ప్రాణం తీస్తుందా అని అడిగింది."

"పాఠం చెప్పేవాళ్ళకే తియ్యాలనిపిస్తుంది. బడి పంతుల్ని అడుగు. ఓహో, నువ్వు బడికెళ్ళింది మూడేళ్ళేగా, నీకు ఆ సంగతి తెలిసే వయసు రాలేదు."

తాపీ నవ్వలేదు. బల్ల ముందు కూర్చున్నాడు.

ఎక్కిళ్ళమ్మ ఐసు డబ్బాలు కడిగే మనిషి. సముద్రం అవతల నుంచి వచ్చిన కూలీల్లో ఒకతె. ఏదైనా అడిగితే ఎక్కిలి పడ్డట్టు ఊపిరి లోపలికి లాగుతుందని హమాలీలు పెట్టిన పేరు అది. శనివారం ఒంటిపూట. ఒంటిగంట బెల్లు కొట్టాక, ఒకటీ పదికి, మంచుగది తలుపేసి గడియ పెట్టింది ఆమే. ఆ మాట ఆమే ఒప్పుకుంది. అప్పటికి మేనేజరు లోపల ఉన్నాడు. ఆదివారం సెలవు. పని మీద పక్కూరు వెళ్ళాడనుకుని ఇంట్లోవాళ్ళూ వెతకలేదు. సోమవారం పొద్దున ఆరింటికి తలుపు తీసినవాళ్ళకి అతను తలుపు వెనకే, మోకాళ్ళ మీద కనిపించాడు.

"నాలుగింటికి వ్యాను వస్తుంది" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఆమెని పెద్ద కోర్టుకి పంపేస్తున్నాను. ఉరి తప్పినా, ప్రాణంతో బయటికి మాత్రం రాదు."

"ఆవిడ వాంగ్మూలం కాగితాలు చూపించు."

"నువ్వు చదివేసరికి వ్యాను వెళ్ళి తిరిగొస్తుంది బావా."

మూలన రాసుకుంటున్న రైటరు లేచి కాగితాలు తెచ్చి ఇచ్చాడు. ఇరవై మూడు పేజీలు. తాపీ చూపుడువేలు పెట్టి, అక్షరం పక్కన అక్షరం పేర్చుకుంటూ చదివాడు. ఇన్‌స్పెక్టరు రెండుసార్లు ఆవులించాడు. గబగబా చదివేవాడు ప్రశ్నా జవాబూ చదివి పేజీ తిప్పేస్తాడు. వేలు పెట్టి చదివేవాడు అంచు దగ్గర మొదలుపెట్టి అంచు దగ్గర ఆగాలి. ఆ అంచుల్లో, అక్కడక్కడా, చిన్న సున్నాలున్నాయి.

"ఈ సున్నాలేంటి నాయనా?"

రైటరు ఇన్‌స్పెక్టరు వైపు చూశాడు. "ఆవిడ ఊపిరి లాగినప్పుడల్లా పెట్టానండీ. వినబడ్డదంతా రాయమన్నారు సారు. అది అక్షరాల్లోకి రాలేదు. అందుకని."

"పదకొండు ఉన్నాయి."

"భయం బావా. నేను అడిగినప్పుడల్లా గుండె జారింది. ముద్దాయి మొహం చదవడం మా ఉద్యోగం."

"మొదటి సున్నా ఎక్కడుందో చూశావా?"

"ఎక్కడుంటే ఏం?"

"నీ పేరు ఇదేనా అని అడిగావు. అక్కడుంది."

"పోలీసోడు పేరడిగినా జారుతుంది."

"మంచినీళ్ళు కావాలా అన్నావు. అక్కడుంది. వరద తరవాతేనా ఈ ఊరొచ్చావు అన్నావు. అక్కడా ఉంది." తాపీ వేలు నెమ్మదిగా కిందికి దిగింది. "మేనేజరుతో గొడవ పడ్డావా అన్నావు. అక్కడ సున్నా లేదు. ఆయన మీద కోపం ఉందా అన్నావు. లేదు. కావాలని చంపావా అన్నావు. అక్కడా సున్నా లేదు."

ఇన్‌స్పెక్టరు ఆవులింత మధ్యలో ఆగింది.

"చంపావా అంటే హడలని మనిషి, మంచినీళ్ళు కావాలా అంటే హడలిందంటావా?"

ఇన్‌స్పెక్టరుకి ఒళ్ళు మండింది. "దుబాసీని పిలవండి" అని కేకేశాడు.

దుబాసీ ఐసు ఫ్యాక్టరీ గేటు గుమాస్తా. ఇటు భాషా అటు భాషా వచ్చిన మనిషి ఊరు మొత్తానికి అతనొక్కడే. కూలీలకి మేనేజరు మాటా, పోలీసులకి కూలీల మాటా అతని నోట్లోంచే రావాలి. ఇస్త్రీ చొక్కా, చేతిలో మడిచిన రుమాలు.

"ఆ ఊపిరేంటయ్యా?" అన్నాడు తాపీ.

"ఛాతీ జబ్బండీ. చలిదేశం వాళ్ళు కదా, అందరికీ ఉంటుంది."

తాపీ రెండో పేజీ తిప్పాడు. "ఇక్కడ 'భయపడుతోందని దుబాసీ చెప్పాడు' అని ఉంది."

"భయం కూడా ఉందండీ."

"రెండూనా?"

"పేదవాళ్ళకి అన్నీ ఒకేసారి వస్తాయండీ" అన్నాడు దుబాసీ. ఇన్‌స్పెక్టరు నవ్వాడు. తాపీ మళ్ళీ వేలు కాగితం మీద పెట్టాడు.

పదకొండో సున్నా పంతొమ్మిదో పేజీలో ఉంది. ప్రశ్న: తలుపు వెయ్యమని నీకు ఎవరైనా చెప్పారా? జవాబు: ఏమీ చెప్పడం లేదని దుబాసీ అన్నాడు. పక్కనే, అంచులో, గుండ్రంగా సున్నా. తాపీ దాని మీద గోటితో ఒక నొక్కు పెట్టాడు. ఆ ప్రశ్న మాత్రం పైకి చదవలేదు.

బదులుగా మరో వాక్యం చదివాడు. "'అద్దంలోంచి ఆయన చెయ్యి ఊపాడు. నేను వెళ్ళిపోయాను.' ఇది ఆవిడ మాటేనా?"

"అక్షరాలా ఆవిడ మాటేనండీ" అన్నాడు దుబాసీ. ఈసారి కళ్ళలోకి చూసి చెప్పాడు.

"ఇంతకన్నా ఏం కావాలి?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "లోపల మనిషి రా రమ్మని చెయ్యి ఊపుతుంటే, చూసి మరీ వెళ్ళిపోయింది."

తాపీ లేచాడు. "ఫ్యాక్టరీకి పోదాం. ఆవిణ్ణి తీసుకురా. వ్యానుని అక్కడికే రమ్మను."

"మా అక్క మొహం చూసి ఊరుకుంటున్నాను బావా."

"నేనూ అంతే" అన్నాడు తాపీ.

ఫ్యాక్టరీలో మిషన్లు నడుస్తున్నాయి. వాటి పక్కన అయితే చెవి దగ్గర చెబితేనే మాట వినబడుతుంది. గేటు దగ్గర రంపపు పొట్టు గోనెసంచుల మీద ఒక ముసలి హమాలీ కూర్చుని ఉన్నాడు.

"ఎక్కిళ్ళమ్మ ఎలాంటి మనిషయ్యా?"

"బంగారమండీ. కాస్త తిక్క. రమ్మంటే పోతుంది."

"అంటే?"

"మొదట్లో నేను ఇలా చెయ్యి ఊపి పిలిస్తే, డబ్బా కింద పెట్టేసి అటు వెళ్ళిపోయేది. అందరం పడీ పడీ నవ్వేవాళ్ళం. దుబాసీ గారైతే ఊరికే పిలిచి మాకు తమాషా చూపించేవారు. ఆవిడ ఇప్పటికీ అంతే."

తాపీ వెనక్కి తిరిగాడు. దుబాసీ పది అడుగుల దూరంలో రుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు.

"శనివారం నువ్వు ఎన్నింటికి వెళ్ళావు?"

"పన్నెండూ నలభై అయిదుకండీ. బెల్లుకి ముందే. గేటు రిజిస్టరులో ఉంది."

"రిజిస్టరు రాసేదెవరు?"

"నేనేనండీ."

"మంచి దస్తూరీ అని విన్నాను" అని తాపీ ముందుకి నడిచాడు.

మంచుగది తలుపు జానెడు మందం. లోపల పొట్టు కూరి, పైన రేకు కొట్టారు. మనిషి మొహం ఎత్తులో అరచేయంత అద్దం. బయట రెండు కొక్కేలు, వాటిలో పడుకోబెట్టే ఇనప గడియ. లోపలి వైపు పిడి లేదు. ఉన్నవి గీతలే. ఐసు పట్టుకారుతో కొట్టిన సొట్టలు తొమ్మిది, వాటి కింద గోళ్ళ గీతలు. చివరి గీతలు మోకాలి ఎత్తులో ఉన్నాయి.

గది వెనక గోడకి 'వెనక దారి' అని బాణం గుర్తు బోర్డు వేలాడుతోంది. బయటి నుంచి అద్దంలో కూడా కనబడుతుంది. ఐసు దిమ్మల వెనక్కి వెళ్ళి తాపీ అరచెయ్యి ఆనించాడు. తలుపు ఉండాల్సిన చోట ఇటుకలు.

"వరద నీళ్ళు ఇటునుంచే వచ్చాయని అప్పుడే మూసేశారండీ" అన్నాడు వెంట వచ్చిన హమాలీ.

"డబ్బాలు కడిగేవాళ్ళకి ఈ సంగతి తెలుసా?"

"వాళ్ళు గుమ్మం దాటి లోపలికి రారండీ. ఆవిడ వరద తరవాత మనిషి."

దుబాసీ ఇంకా గేటు దగ్గరే ఉన్నాడు. తాపీ బయటికి వచ్చి ఇనప గడియ ఎత్తి రైటరు చేతిలో పెట్టాడు. "ఇది భుజాన పెట్టుకుని ఆ స్తంభం వెనక నిలబడు. నేను చెప్పేదాకా కింద పెట్టకు."

రైటరు ఎందుకని అడగలేదు. సున్నాలు పెట్టిన మనిషి కదా.

ఎక్కిళ్ళమ్మని అద్దం ముందు నిలబెట్టారు. నడివయసు మనిషి. చల్లనీళ్ళకి వేళ్ళు పగిలి ఉన్నాయి. ఎవరి మొహంలోకీ చూడకుండా గచ్చు వంక చూస్తోంది. తాపీ ఒక్కడే లోపలికి వెళ్ళి తలుపు దగ్గరికి లాక్కున్నాడు. అద్దం మీద వేలితో కొట్టాడు. ఆమె తలెత్తింది. అతను అరచెయ్యి కిందికి పెట్టి, నాలుగు వేళ్ళూ ఊపాడు. ఇంట్లో పిల్లల్ని పిలిచినట్టే.

ఆమె వెంటనే వెనక్కి తిరిగి నడిచింది.

"చూశారా, పారిపోతోంది" అన్నాడు దుబాసీ.

అద్దం మళ్ళీ మోగింది. ఆమె తిరిగి చూసింది. ఈసారి తాపీ అరచెయ్యి పైకి తిప్పి వేళ్ళు తనవైపు మడిచాడు. ఆమె అంతే వినయంగా తలుపు దగ్గరికి వచ్చింది.

ఇన్‌స్పెక్టరు ముందుకొచ్చి తనే చేసి చూశాడు. చెయ్యి కిందికి ఊపాడు. వెళ్ళింది. పైకి తిప్పాడు. వచ్చింది. మూడోసారి ఎత్తిన చెయ్యి మధ్యలోనే దింపేశాడు.

తాపీ తలుపు తోసుకుని వచ్చాడు. "ఆయన రమ్మన్నాడు. ఆవిడకి పొమ్మన్నట్టు కనబడింది. పెద్దాయన పొమ్మన్నాడు, పోయింది."

ఆమెకి మాటలు తెలియలేదు. కానీ ఇన్‌స్పెక్టరు చేతి వంక చూసింది. హమాలీ చేతి వంక చూసింది. అద్దం వంక చూసింది. తరవాత సంకెళ్ళతోనే తన కుడిచెయ్యి ఎత్తి, అరచెయ్యి కిందికి పెట్టి, నెమ్మదిగా ఊపి, దాన్నే చూస్తూ ఉండిపోయింది. శనివారం అద్దంలో కనబడ్డ చెయ్యి ఏమన్నదో అప్పుడు తెలిసింది. గచ్చు మీద కూలబడింది.

హమాలీ తన చెయ్యి వెనక్కి దాచుకుని గేటు వైపు వెళ్ళిపోయాడు.

"సరే" అన్నాడు ఇన్‌స్పెక్టరు, గొంతు తగ్గించి. "చెయ్యి సంగతి పొరపాటు. కానీ లోపల మనిషి ఉండగా గడియ ఎందుకు పెట్టింది? దానికి జవాబు చెప్పు."

"ఆవిడ చెప్పింది. మనం వినలేదు. లోపలికి రండి."

తాపీ, ఇన్‌స్పెక్టరు, ఎక్కిళ్ళమ్మ లోపలికి వెళ్ళారు. దుబాసీ గుమ్మం బయటే ఆగాడు. "నాకు జలుబండీ. ఏమడగాలో ఇక్కణ్ణుంచే అడుగుతాను."

"నువ్వు అక్కడే ఉండు. నీతో పని లేదు."

పనిచేసే చోట పడి ఉండే మాటలు ఎవరికైనా నాలుగు వస్తాయి. తలుపు, గడియ, నీళ్ళు, డబ్బా. వాటితోనే పని జరగాలి. గదిలో చలికి ఎవరు నోరు తెరిచినా తెల్లటి ఆవిరి బయటికొస్తోంది.

"బావా, ఆవిడ నోటి దగ్గర చూస్తూ ఉండు" అన్నాడు తాపీ. ఆమె వైపు తిరిగి, బయట పేర్చిన డబ్బాలు చూపించాడు. "డబ్బా. నువ్వు కడిగావా?"

ఆమె ఊపిరి లాగింది. చిన్న చప్పుడు. పెదవుల దగ్గర ఆవిరి లేదు. ఉన్న కాస్తా లోపలికే పోయింది.

"ఇతను కడిగాడా?" ఇన్‌స్పెక్టరుని చూపించాడు.

ముక్కులోంచి రెండు తెల్లటి గీతలు వచ్చాయి. చప్పుడు లేదు.

ఇన్‌స్పెక్టరు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"జబ్బూ కాదు, భయమూ కాదు" అన్నాడు తాపీ. "అది వాళ్ళ 'ఊ'. మనం బయటికి అంటాం. వాళ్ళు లోపలికి అంటారు. పదకొండుసార్లు అవునంది, పదకొండుసార్లూ మనవాడు సున్నా పెట్టాడు."

"దుబాసీకి తెలియదంటావా?"

తాపీ చేతులతో తలుపు మూసినట్టు, గడియ పడుకోబెట్టినట్టు చూపించాడు. "తలుపు. గడియ. వెయ్యమని నేను చెప్పానా?" తన గుండె మీద వేలు పెట్టుకున్నాడు. తెల్లటి ఆవిరి. ఇన్‌స్పెక్టరుని చూపించాడు. ఆవిరి. చెయ్యి చాపి గుమ్మంలోంచి బయటికి చూపించాడు. ఇస్త్రీ చొక్కా, మడిచిన రుమాలు.

ఆమె అతన్ని చాలాసేపు చూసింది. వెనక గోడ మీద బాణం బోర్డు చూపించింది. మళ్ళీ అతన్ని చూసింది. ఊపిరి లోపలికి లాగింది.

తలుపు దభాలున పడింది.

గదిలో దీపం ఒకటే, దిమ్మల మీద. అద్దంలో దుబాసీ మొహం ఉంది. అతను వీళ్ళని చూడటం లేదు. కిందికి చూస్తున్నాడు. రేకు మీద అరచెయ్యి పాకుతున్న చప్పుడు లోపలికి వినబడింది. ఎడం కొక్కెం. కుడి కొక్కెం. మళ్ళీ ఎడం. ఇన్‌స్పెక్టరు ముందు తలుపు వంక చూశాడు, తరవాత ఆ గోళ్ళ గీతల వంక చూశాడు. అప్పటికి గానీ అతని ఒళ్ళు కదలలేదు. భుజంతో ఒక్క గుద్దు గుద్దాడు. తలుపు తెరుచుకుంది.

దుబాసీ ఒక చెయ్యి ఇంకా కొక్కెం మీదే ఉంది. స్తంభం పక్కనుంచి రైటరు చూస్తున్నాడు. అతని భుజాన ఇనప గడియ అలాగే ఉంది.

"గాలికి పడిందండీ" అన్నాడు దుబాసీ.

"గాలికి తలుపు పడుతుంది" అన్నాడు తాపీ. "గాలి గడియ కోసం తడమదు."

రుమాలు కింద పడింది. దుబాసీ వంగి తీసుకోబోయి, తీసుకోలేక, అలాగే గోడకి ఆనుకున్నాడు.

"ఆవిడకి ఏం చెప్పావు?" ఇన్‌స్పెక్టరు గొంతులో ఎగతాళి ఎక్కడా లేదు.

"మేనేజరు గారు లెక్క చూసుకుని వెనక దారిన వెళ్తారు, నువ్వు ముందు తలుపు వేసి పో అన్నాను."

"ఎందుకు?"

దుబాసీ కింద పడ్డ రుమాలు వంక చూస్తూ చెప్పాడు. నెల కిందట ఐసు నలిపే మిషనులో ఒక కూలీ చెయ్యి పోయింది. మిషను ఆగిందని కేకేసింది దుబాసీ. ఆగలేదు. విచారణలో, తప్పు తనదేనని కూలీ అంటున్నాడని చెప్పిందీ దుబాసీయే. ఆ కూలీ ఏమన్నాడో వినగలిగినవాడు అక్కడ ఇంకొకడు లేడు.

"మేనేజరు వాళ్ళ మాటలు నేర్చుకోవడం మొదలెట్టాడు" అన్నాడు దుబాసీ. "శనివారం పొద్దున పిలిచి, సోమవారం ఆ కూలీని నేనే అడుగుతాను, నువ్వు రానక్కర్లేదు అన్నాడు. నవ్వుతూనే అన్నాడు."

సరిగ్గా నాలుగింటికి వ్యాను వచ్చింది. దుబాసీని ఎక్కించారు. ఇన్‌స్పెక్టరు ఎక్కిళ్ళమ్మ చేతుల సంకెళ్ళు తనే తీశాడు. వెళ్ళమని చెప్పడానికి చెయ్యి ఎత్తి, ఎలా ఊపాలో తోచక, తలుపు వైపు వేలు చూపించాడు. ఆమె వెళ్ళలేదు. మంచుగది ముందు, అద్దం ఎదురుగా, కూర్చునే ఉంది. హమాలీ వెళ్ళి పక్కన ఒక గోనెసంచి పరిచి, తనూ కూర్చున్నాడు.

"బావా" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "మా అక్కకి ఇదంతా చెప్పకు."

"నేను మాట్లాడేది తక్కువేగా" అన్నాడు తాపీ.

మర్నాడు పొద్దున తాపీ మేనేజరు ఇంటికి వెళ్ళాడు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆయన భార్య గోడకి ఆనుకుని విన్నది. తరవాత లోపలికెళ్ళి ఒక చిన్న నోటు పుస్తకం తెచ్చింది.

"నాలుగు రోజులు స్టేషను బీరువాలో ఉందండీ. పిచ్చిగీతలని నిన్న సాయంత్రం తిరిగిచ్చారు. పెన్సిలుతో రాసుకునేవారు. నాకు చదవబుద్ధి కావడం లేదు. మీరు చూడండి."

తాపీ కిటికీ దగ్గర కూర్చుని వేలు పెట్టి చదివాడు. నిలువు గీత కొట్టి రెండు వరసలు. ఎడమవైపు వాళ్ళది, కుడివైపు మనది. నీళ్ళు. చలి. చెయ్యి. నొప్పి. నాలుగో పేజీలో ఇలా ఉంది: ఊపిరి లోపలికి లాగితే, అవును. ఎక్కిలి కాదు. ఆ పేరుతో పిలవొద్దని అందరికీ చెప్పాలి.

ఆఖరి పేజీలో ఒకటే వాక్యం. ఎడమవైపు: చేత్తో పిలిస్తే వెళ్ళిపోతోంది, ఎందుకో సోమవారం అడగాలి. కుడివైపు ఖాళీ.

"చివర్లో ఏం రాశారండీ?" అని అడిగింది ఆవిడ.

"పాఠం పూర్తి కాలేదమ్మా."

పెన్సిలు ఉందా అని అడిగాడు. తెచ్చి ఇచ్చింది. మూడేళ్ళ చదువు చెయ్యి. అక్షరం నిలబడటానికి కాస్త సమయం పట్టింది. కుడివైపు ఖాళీలో, గీత దాటకుండా, ఆ వాక్యానికి ఎదురుగా రాశాడు: పో.

పుస్తకం మూసి ఆవిడ చేతికిచ్చి, చెప్పులు తొడుక్కున్నాడు.